ముఖం ఎవరు చెక్కారో చెప్పాలా?

పేరూ ఊరూ ప్రచురించవద్దని కోరుతూ రాయలసీమ నుంచి ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరానికి సారాంశం ఇది. ఆమెకు 39 ఏళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తారు. భర్తకు మందుల దుకాణం ఉంది. పదేళ్ళ కొడుక్కి చలికాలంలో ఉబ్బసం వస్తుంటుంది. గత వేసవి సెలవుల్లో వారి పట్టణం శివార్లలోని చింతతోపులో మూడు వారాల పాటు శిల్పుల శిబిరం జరిగింది. బయటి నుంచి వచ్చిన శిల్పులతో పాటు, నేర్చుకోవాలనుకునే స్థానికులు నలుగురికి కూడా ఒక్కొక్క రాయి ఇచ్చారు. ఆమె వంతుకు రెండడుగుల బూడిదరంగు సున్నపురాయి దిమ్మె వచ్చింది. ఆళ్ళగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద శిల్పి ఆమెకు పని నేర్పారు. ఆమె ఆయనను గురువుగారు అని పిలుస్తారు. మొదటి వారమంతా ఆయన ఆమె చేత రాతికి ఒక్క వైపు చదును చేయించడం తప్ప మరేమీ చేయించలేదు. ఆ తర్వాత ఆమె, మోకాళ్ళు ముడుచుకుని చెంపకు చేయి ఆనించి కూర్చున్న తన అమ్మమ్మ రూపాన్ని చెక్కడం మొదలుపెట్టారు.

శిబిరం ముగియడానికి రెండు రోజుల ముందు, ముక్కు పక్క నుంచి కొన వైపుకు ఉలి నడుపుతుండగా ముక్కు కొన ఎగిరిపోయింది. ఆమె ఏడుస్తూ ఇంటికి వెళ్ళారు. మర్నాడు ఉదయం వచ్చేసరికి ముఖమంతా కొత్తగా, ఎంతో అందంగా చెక్కి ఉంది. గురువుగారు "ఇక మెరుగు పట్టుకో అమ్మా" అని మాత్రమే అని తన రాయి దగ్గరకు వెళ్ళిపోయారు. ముగింపు సభలో ముఖ్య అతిథి ప్రత్యేకంగా ఆ ముఖాన్నే మెచ్చుకున్నారు, పత్రికలో ఫోటో వచ్చింది. ఆమె తల్లి మాత్రం బొమ్మను చూసి "అమ్మమ్మలా లేదే, అమ్మవారిలా ఉంది" అన్నారట. ఇప్పుడు ఆ శిల్పాన్ని పార్కులో నిలపాలని నిర్ణయించి, ఫలకం మీద చెక్కించడానికి పేరు ఎలా రాయాలో చెప్పమని నిర్వాహకులు ఆమెను అడిగారు. చలికాలంలో జరిగే మరో శిబిరానికి, ఈసారి నేర్చుకునే వ్యక్తిగా కాక శిల్పిగానే, పారితోషికంతో ఆహ్వానించారు. గురువుగారు ఆదివారాలు తన పనిశాలకు రమ్మన్నారు. మొదట్లో సంతోషించిన భర్త ఇప్పుడు వద్దంటున్నారు. శిబిరంలో గురువుగారి దగ్గు విన్నప్పటి నుంచి ఆయనకు దుమ్ము భయం పట్టుకుంది. ఆమె చివరగా ఇలా అడిగారు: "ఈ శిల్పం నాదా, కాదా? నిజం చెబితే గురువుగారిని అవమానించినట్టు అవుతుందా? ఇంతకీ నేను ఈ విద్యకు తగుదునా?"

సమాధానం

మీ ఉత్తరంలో పేరు సంగతి, గురువుగారితో మీ అనుబంధం, చలికాలపు ఆహ్వానం, ఇంట్లో వారి భయం ఒకదానితో ఒకటి ముడిపడిపోయి ఉన్నాయి. ఫలకం చెక్కించే గడువు దగ్గర పడుతోంది కాబట్టి పేరు సంగతే అన్నిటికంటే తొందరైనదిగా మీకు కనిపిస్తోంది. అయితే ఆ రాత్రి మీ రాతికి ఏం జరిగిందో మీరు స్పష్టంగా గ్రహించేదాకా ఏ నిర్ణయమూ మీకు కుదురుగా అనిపించదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

రాతిలో పోయినదాన్ని తిరిగి పెట్టలేము. ముక్కు కొన విరిగితే శిల్పికి రెండే దారులు. రాతిపొడి కలిపిన అరల్డైట్‌తో అతికించడం ఒకటి, అది అరగంట పని. ముక్కు ఎంత లోతుకు పోయిందో ముఖం మొత్తాన్ని అంత లోతుకు వెనక్కి తీసుకువెళ్ళడం రెండోది. అంటే నుదురు, కంటిగుంటలు, చెంపలు, పెదవులు, గడ్డం అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెక్కాలి. "తల మీది కొంగు ముందుకు పొడుచుకొచ్చినట్టు, ముఖం నీడలోకి జారినట్టు కనిపిస్తోంది" అని మీరు రాసిన వాక్యాన్ని బట్టి ఆయన రెండో దారినే పట్టారని తెలుస్తోంది. కొంగు ఉన్నచోటే ఉంది, ముఖం వెనక్కి జరిగింది. పగలంతా తన రాయి మీద పనిచేసిన పెద్దాయన, రాత్రి విద్యుద్దీపం కింద కూర్చుని, నేర్చుకుంటున్న ఒకరి రాయిని అతుకు వేయకుండా కాపాడారు. ఆయన చేసింది మీకు చెప్పకుండా చేశారనే బాధ న్యాయమైనదే. అయినా అందులో ఉన్న శ్రద్ధను మీరు తక్కువగా చూడరనే నమ్ముతున్నాను.

ఇక ఆ ముఖం అమ్మవారిలా ఎందుకు కనిపించిందనే దానికి కూడా కారణం ఉంది. సంప్రదాయ శిల్పులు తాళమానంలో, అంటే మూర్తులకు నిర్ణయించిన కొలతల పద్ధతిలో పెరుగుతారు. ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఇవి మన స్కేలు అంగుళాలు కావు, ఆ విగ్రహం ఎత్తును బట్టి లెక్కకట్టుకునే అంగుళాలు. జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా నాలుగు, అక్కడి నుంచి ముక్కు కొన దాకా నాలుగు, అక్కడి నుంచి గడ్డం దాకా నాలుగు. ఈ మూడు సమభాగాలు ఏళ్ళ తరబడి దేవతామూర్తులను చెక్కిన చేతికి కొలతబద్ద లేకుండానే వస్తాయి. పళ్ళన్నీ ఊడిపోయిన అమ్మమ్మ ముఖంలో మూడో భాగం కుదించుకుపోతుంది, గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది, పెదవులు లోపలికి పోతాయి. దీపం వెలుతురులో, మీ అమ్మమ్మను ఎన్నడూ చూడని ఆయన చేతికి తెలిసిన ముఖమే వచ్చింది. మీరు గణితం చెప్పేవారు కాబట్టి ఒకసారి ఫోటో మీద, శిల్పం మీద ఈ మూడు భాగాలనూ కొలిచి చూడండి. మీ అమ్మగారు ఒక్క చూపులో పట్టుకున్నదేమిటో అంకెల్లో కనిపిస్తుంది.

మీ రాయి దగ్గర రెండు ఆచారాలు ఎదురుపడ్డాయి. పనిశాల ఆచారంలో బొమ్మ ఒక్కరిది కాదు. ఒకరు ముతక పని చేస్తారు, ఒకరు నగలు దిద్దుతారు, ఇంకొకరు మెరుగు పెడతారు, ముఖమూ కళ్ళూ పెద్ద చేతికే వదిలిపెడతారు. గుడిలో నిలిపే మూర్తికి కళ్ళు తెరిచే నేత్రోన్మీలనం స్థపతి, అంటే ప్రధాన శిల్పి చేసే క్రతువు. ఈ వాతావరణంలో పుట్టి పెరిగిన మనిషికి శిష్యురాలి బొమ్మకు ముఖం దిద్దడం గురువు బాధ్యతగానే తోచి ఉంటుంది. మిమ్మల్ని అడగాలన్న ఆలోచన కూడా ఆయనకు వచ్చి ఉండదు. ఇప్పుడు మనం చూస్తున్న ఆరుబయలు శిబిరాల పద్ధతి వేరొక చోటి నుంచి వచ్చింది. 1959లో కార్ల్ ప్రాంట్ల్ అనే శిల్పి ఆస్ట్రియాలోని సాంక్ట్ మార్గరేటెన్ రాతి గనిలో వివిధ దేశాల శిల్పులను కూడగట్టి, పక్కపక్కనే ఎవరి రాయి వారు చెక్కే సమావేశాన్ని మొదలుపెట్టాడు. అక్కడ పనిముట్లూ భోజనమూ మాటలూ ఉమ్మడివే, ఊహ మాత్రం ఎవరిది వారిది. ఫలకం మీద ఒక్క పేరు ఉండటం ఆ పద్ధతిలోంచి వచ్చిన అలవాటు. గురువుగారు మొదటి ఆచారం ప్రకారం సాయం చేశారు, నిర్వాహకులు రెండో ఆచారం ప్రకారం పేరు అడుగుతున్నారు, మధ్యలో మీరు నలిగిపోతున్నారు.

మన దక్షిణాది పాత శిల్పులకు పేరు పట్టింపు లేదని అనుకోవడం కూడా సరికాదు. కర్ణాటకలోని బేలూరు చెన్నకేశవాలయంలో బళ్ళిగావెకు చెందిన దాసోజ, అతని కొడుకు చావణ తమ బొమ్మల కింద పేర్లు చెక్కుకున్నారు. సోమనాథపురలో మల్లితమ్మ పేరు ఎన్నో మూర్తుల కింద కనిపిస్తుంది. ఇటు పాలంపేటలో శాసనం 1213లో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి గురించి చెబుతుంటే, జనం మాత్రం శిల్పి పేరని నమ్ముతూ ఆ గుడిని రామప్ప అనే పిలుస్తున్నారు. కాబట్టి ఎవరు చెక్కారన్న మాటకు విలువ ఉంది, దాని గురించి మీరు ఇంతగా ఆలోచించడం అతి కాదు.

ఫలకం విషయంలో మీ ముందు నాకు కనిపిస్తున్న మార్గాలు ఇవి. మొదటిది, మాట్లాడకుండా ఊరుకోవడం. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. శిబిరాలకు వచ్చే పేరున్న శిల్పుల్లో కొందరు సహాయకులను వెంట తెచ్చుకుంటారు, గ్రైండరుతో చేసే బరువైన పనంతా ఆ సహాయకులే చేస్తారు, చివరికి పేరు మాత్రం ఒక్కరిదే ఉంటుంది. కానీ మీ విషయంలో ఊరుకోవడం ఈ ఒక్క రాయితో ఆగదు. చలికాలపు ఆహ్వానం ఆ ముఖాన్ని చూసి వచ్చింది. అక్కడ కూడా మీ నుంచి అలాంటి ముఖాన్నే ఆశిస్తారు, దాన్ని మీరు ఒంటరిగా చెక్కాల్సి వస్తుంది. ఇవాళ్టి మౌనానికి మూల్యం అప్పుడు చెల్లించాలి.

శిల్పం నాది కాదంటూ వెనక్కి తీసుకోవడం మరో దారి. ఇది నిజాయితీలా కనిపిస్తుంది గానీ పూర్తి నిజం కాదు. ముడుచుకున్న మోకాళ్ళు, చెంపకు ఆనిన చేయి, ఆ చేతి మీద ఉబ్బిన నరాలు, వంగిన వీపు మీవే. వాటిని వదులుకుంటే మీ మూడు వారాల శ్రమను మీరే కాదన్నట్టవుతుంది. పైగా కారణం చెప్పకుండా వెనక్కి తీసుకుంటే గురువుగారు నొచ్చుకుంటారు, చెప్పి తీసుకుంటే ఆయన సాయాన్ని మీరు అపరాధంగా భావించారని అనుకుంటారు.

మూడో మార్గం, ఫలకం మీద రెండు పేర్లూ ఉండేలా చూడటం. "శిల్పం" అని మీ పేరు, దాని కింద "ముఖం" అని ఆయన పేరు. ఇది జరిగింది జరిగినట్టు చెబుతుంది. నిర్వాహకులకు కాస్త ఇబ్బంది కలగవచ్చు, మిమ్మల్ని పొగిడిన సహోద్యోగులు కొందరు చులకన చేయవచ్చు, చలికాలపు ఆహ్వానాన్ని వారు మరోసారి ఆలోచించుకోనూవచ్చు. ఆయన ఒప్పుకోకపోయే అవకాశమూ ఉంది. నేర్చుకునేవారి రాయి మీద తన పేరు ఉండటం ఇష్టం లేని పెద్దలు ఉంటారు, శిష్యులకు ఇచ్చింది ఇచ్చేశామనుకునే పెద్దలూ ఉంటారు. ఆయన వద్దంటే ఫలకం మీద మీ పేరే ఉంచి, నిర్వాహకులకు మాత్రం జరిగింది ఒక ఉత్తరంలో తెలియజేయవచ్చు. నా మొగ్గు ఈ మూడో మార్గం వైపే. అయితే ఆయనతో రోజుల తరబడి పక్కపక్కనే కూర్చుని పనిచేసింది మీరు, ఆయన స్వభావం నాకంటే మీకే తెలుసు.

ఏ మార్గమైనా మొదటి మాట నిర్వాహకులతో కాక ఆయనతోనే మాట్లాడటం మంచిది. "నా బొమ్మను ఎందుకు ముట్టుకున్నారు" అన్న అర్థం వచ్చేలా అడిగితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. "ముక్కు పోయాక మీరు ఎక్కడి నుంచి మొదలుపెట్టారు గురువుగారూ, కళ్ళు ఎంత లోతుకు దించారు?" అని పని గురించి అడగండి. పనివారు పని గురించి అడిగితే సంతోషంగా చెబుతారు. ఆ మాటల్లోనే, అమ్మమ్మ ముఖం మీరే చెక్కాలని ఎంతగా ఆశపడ్డారో కూడా చెప్పవచ్చు. తనను తప్పుపడుతున్నారని కాక, మీరు ఇంకా నేర్చుకోవాలనుకుంటున్నారని ఆయన వింటారు.

ఈ విద్యకు తగుదునా అని అడిగారు. ముక్కు విరగడాన్ని దానికి జవాబుగా తీసుకోకండి, దాని కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పక్క నుంచి కొన వైపుకు ఉలి నడిపానని రాశారు. రాతిలో పొడుచుకొచ్చిన సన్నని భాగం దగ్గర దెబ్బ ఎప్పుడూ బలమైన రాయి వైపుకు వెళ్ళాలి. వెనక ఆధారం లేని అంచు వైపుకు వెళితే రాయి అక్కడ తెగుతుంది. ముఖంలో అన్నిటికంటే ఎత్తైనది ముక్కే కాబట్టి, మిగతా ముఖం స్థిరపడేదాకా అక్కడ రాయిని కొంత అదనంగా ఉంచుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. ఇవి చెబితే వచ్చేవి, చేస్తే నిలిచేవి. ఎండలో వారం రోజులు రాతికి ఒక్క వైపునే చదును చేస్తూ కూర్చోగలిగిన ఓపిక, అందరూ మెచ్చిన ముఖంలో అమ్మమ్మ లేదన్న మీ అమ్మగారి మాటలోని నిజాన్ని గుర్తించిన కన్ను మీకు ఉన్నాయి. నేర్పడానికి కష్టమైనవి ఆ రెండే.

అయినా చలికాలపు శిబిరానికి శిల్పిగా వెళ్ళడం గురించి నాకు సందేహం ఉంది. అలాంటి చోట సాధారణంగా ముందుగా ఒక చిన్న నమూనా పంపమంటారు, మనిషెత్తు రాయి ఇస్తారు, గడువులోగా పూర్తి చేయమంటారు. రాయి గ్రానైట్ అయితే మీరు సున్నపురాయి మీద నేర్చుకున్న చేతివాటం అక్కడ పెద్దగా పనికిరాదు. సున్నపురాయిని ఉలి ఏటవాలుగా పట్టి చెక్కులు లేపవచ్చు, గ్రానైట్‌ను చాలావరకు నిలువు దెబ్బలతో నలిపి పొడి చేస్తూ దించాలి. ఒప్పుకుని వెళితే గ్రైండరు పనికి సహాయకుల మీద ఆధారపడాల్సి వస్తుంది, ఇప్పుడు మిమ్మల్ని బాధిస్తున్న ప్రశ్నే మరింత పెద్దదై ఎదురవుతుంది. వద్దంటే పారితోషికం పోతుంది, వాళ్ళు మళ్ళీ పిలవకపోవచ్చు. వీటి మధ్య, నేర్చుకునే వ్యక్తిగానో, గురువుగారికి సహాయకురాలిగానో వస్తానని రాసే వీలు కూడా ఉంది. డబ్బు రాదు గానీ పెద్ద రాయి ఎలా లొంగుతుందో దగ్గర నుంచి చూడవచ్చు.

క్రమబద్ధమైన చదువు కావాలంటే తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల సంప్రదాయ శిల్ప సంస్థలో పదో తరగతి తర్వాత నాలుగేళ్ళ డిప్లొమా ఉంది, మామల్లపురంలో 1957లో మొదలైన ప్రభుత్వ కళాశాల ఉంది. అవి రోజంతా ఉండే చదువులు, చిన్న వయసు విద్యార్థులకు అనువైనవి. ఉద్యోగం, పిల్లవాడు ఉన్న మీకు ఆదివారాల పనిశాల, వేసవి, దసరా సెలవులు ఎక్కువ వీలుగా ఉంటాయి. అక్కడికి వెళ్ళాలనుకుంటే ఒక్క విషయం మాత్రం ముందే తేల్చుకోండి. పనిశాలల్లో ఆడవారికి ఎక్కువగా మెరుగు పెట్టే పనే అప్పగిస్తుంటారు. ఏడాది పొడవునా ఎమెరీ పట్టి రుద్దడమే మీ వంతు అయితే ముఖం చెక్కడం మీకు రాదు. అమ్మమ్మ తలను ముందు బంకమన్నుతో, తర్వాత జానెడు సున్నపురాయిలో చెక్కుతానని, తప్పు చేస్తే ఆపి చెప్పమని, ఉలి మాత్రం మీ చేతిలోనే ఉండనివ్వమని గౌరవంగా అడగండి.

మీవారి భయాన్ని కళ మీద అయిష్టంగా చూడకండి. ఆయన భయంలో చాలావరకు నిజం ఉంది. మీరు చెక్కిన సున్నపురాయిలో స్ఫటికరూప సిలికా సాధారణంగా తక్కువే, కానీ మీ పక్కన గ్రైండరుతో గ్రానైట్ కోస్తున్నవారి దుమ్ము కూడా మీరు పీల్చారు. గ్రానైట్‌లో అయిదో వంతు, అంతకు మించి కూడా క్వార్ట్జ్, అంటే ఆ స్ఫటికరూప సిలికాయే, ఉంటుంది. దాని సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి మచ్చలు కడుతుంది. ఆ జబ్బే సిలికోసిస్, పని మానేసినా ఆ మచ్చలు మానవు. స్ఫటికరూప సిలికా ధూళిని క్యాన్సరు కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే వర్గీకరించింది. ఆరుబయట పనిచేయడం మేలే గానీ అదొక్కటే చాలదు, మీరు రాసినట్టు చున్నీ చుట్టుకోవడం కంటికి కనిపించని ధూళిని ఆపదు.

చేయగలిగిన జాగ్రత్తలు ఉన్నాయి. ముఖానికి బిగుతుగా అమరే ఎన్‌95 మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. మాస్కులు మీవారి దుకాణంలోనే దొరుకుతాయి. ముక్కు దగ్గర, గడ్డం కింద గాలి పోకుండా ఎలా బిగించుకోవాలో ఆయన్నే చూపించమనండి, ఈ విషయంలో ఆయనకు ఒక భాగం దక్కుతుంది. గ్రైండరు వాడేచోట నీరు పారిస్తూ కోయమనండి, గాలి వచ్చే వైపు కూర్చోండి, నేల చీపురుతో ఊడ్వకుండా తడిపి ఎత్తండి. పనిబట్టలు పనిశాలలోనే మార్చుకుని సంచిలో కట్టి తెచ్చి విడిగా ఉతకండి, పిల్లవాడి దగ్గరకు ఆ బట్టలతో వెళ్ళకండి. మొదలుపెట్టే ముందు ఒక ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించుకుంటే తర్వాత పోల్చి చూసుకోవడానికి ఆధారం ఉంటుంది. ఇవన్నీ కుదిరే పనిశాల కాదని మీకు అనిపిస్తే, మట్టితోనూ చేతి ఉలితోనూ ఇంటి పెరట్లో సున్నపురాయిని తడుపుకుంటూ చెక్కడం వరకే పరిమితం కావచ్చు. నేర్చుకోవడం నెమ్మదిస్తుంది, ప్రమాదం చాలా తగ్గుతుంది.

గురువుగారి దగ్గు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నన్ను ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం అదే. రాతిపనిలో జీవితం గడిపిన మనిషికి రాత్రుళ్ళు ఆగని దగ్గు ఉంటే పొడి గాలి వల్లేనని ఊరుకోకూడదు. సిలికా ధూళి పీల్చినవారికి క్షయ సోకే అవకాశం కూడా ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫ పరీక్ష ఉచితంగా చేస్తారు, ఎక్స్‌రే తీయించడం కష్టం కాదు. డాక్టరుకు ఆయన వృత్తి ఏమిటో తప్పకుండా చెప్పాలి, లేకపోతే ఆ కోణంలో చూడకపోవచ్చు. శిష్యురాలిగా మీరు అడిగితే ఆయన వాయిదా వేయవచ్చు, మీవారు కూడా వెంట వచ్చి అడిగితే కాదనలేకపోవచ్చు. ఈ ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్ళండి. ముఖం గురించి, పేరు గురించి మీరు మాట్లాడండి, ఆసుపత్రి గురించి మీవారు మాట్లాడతారు. పేరు ఎలా రాయాలని అడిగిన నిర్వాహకులకు అప్పటిదాకా జవాబు ఇవ్వకండి, వారం రోజుల గడువు కావాలని మాత్రం ఇవాళే తెలియజేయండి.